కొలంబోకి గంటా ఇరవై నిమిషాలు

మా అన్న చెన్నప్ప ఆ ఉదయం చివరగా చేసిన పని, పువ్వు పట్టని ఒక రోజా కొమ్మను వంచడం. అలాంటి కొమ్మను కోసి పారేయకూడదు. బొటనవేలితో నొక్కి, లోపల చిటుక్కుమనే దాకా, అయినా తెగకుండా, మడి అంచుకు వంచి వదలాలి. తళి పక్కన యతీశ్ గారి గ్రీన్‌హౌస్‌లో, నాలుగో మడిలో, అలా ఒక కొమ్మను వంచి, చేతులు లుంగీకి తుడుచుకుని, తరువాతి చెట్టుకు జరిగాడు. ఆ చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. హోసూరు ఆసుపత్రిలో చూసి కృష్ణగిరికి పంపారు. కృష్ణగిరి చేరేసరికి ప్రాణం లేదు. పోయిన ఏప్రిల్ తొమ్మిదో తేదీ, ఉగాది అయిన పదో రోజు. ఆయనకు యాభై ఆరేళ్ళు.

అప్పటికి నేను ఆయనతో మాట్లాడి పద్నాలుగు రోజులు.

అసలు ఆయన ఆ మడిలో ఉండవలసిన మనిషి కాదు. ఇరవై ఒక్క సంవత్సరాలు ఆయన చోటు షెడ్డులో, గ్రేడింగు బల్ల దగ్గర. కోసుకొచ్చిన రోజాలను కాడ పొడుగును బట్టి, మొగ్గ బిగువును బట్టి వేరు చేసి, ఇరవై ఇరవై కట్టలు కట్టించడం ఆయన పని. అంతకు ముందు, మీసాలు రాని వయసులో, బాగలూరు దగ్గర మల్లెతోటల్లో పొద్దు పొడవక ముందే మొగ్గలు తెంపేవాడు. గడియారం ఎప్పుడూ కట్టలేదు. మొగ్గను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఇది ఎప్పుడు కోసింది, నీళ్ళలో ఎంతసేపుంది, ఎండలో ఎంతసేపుంది చెప్పేవాడు. బల్ల దగ్గరి ఆడపిల్లలు నిన్నటి పువ్వును ఇవాళ్టి కట్టలో దూర్చి పరీక్ష పెట్టేవాళ్ళు. ఒక్కసారీ ఓడిపోలేదు. పెళ్ళిళ్ళకు తీసుకుపోవాలంటే మాకు భయంగా ఉండేది. మండపంలో దండను ముక్కు దగ్గర పెట్టుకుని, నిన్న సాయంత్రం పువ్వని అందరికీ వినపడేలా అనేవాడు. పెళ్ళివారు మొహం చిట్లించుకునేవాళ్ళు.

నమ్మడం ఆయనకు చేతకాదు. పాలు నమ్మడు, బస్సు బోర్డు నమ్మడు, డాక్టరు రాసిన మాత్రను మందుల షాపులో ఇంకోసారి అడిగి గానీ మింగడు. మా వదిన మారియమ్మ ఉప్పు వేశానంటే వేలు ముంచి చూసేవాడు. "నువ్వు చచ్చినా నమ్మవు, నాలుగు రోజులు ఆగి చూద్దామంటావు" అని వదిన ఎగతాళి చేసేది. ఆయన నవ్వేవాడు కాదు. పువ్వు పైకి చెప్పేది ఒకటి, లోపల జరిగేది ఒకటి అని ఆయన పని ఆయనకు నేర్పింది. ఆ లెక్కనే మనుషులకూ పెట్టాడు.

నా భర్త బాలాజిని ఆ తోటలో చిల్లర్ వ్యాను డ్రైవరుగా పెట్టించింది మా అన్నే. అది ఏడేళ్ళ కిందటి మాట. వ్యాను వెనక పెట్టెను చల్లగా ఉంచే మిషను కూడా డీజిలు తాగుతుంది. దాన్ని ఆపితే డీజిలు మిగులుతుంది. మిగిలిన డీజిలును దారిలో అమ్ముకునే డ్రైవర్లు ఉన్నారని తళి నుంచి జూజువాడి దాకా అందరికీ తెలుసు. బాలాజి అలాంటివాడు కాదని ఏడేళ్ళ కిందట యతీశ్ గారి ముందు పూచీ పడింది కూడా మా అన్నే.

రెండేళ్ళుగా మంగళ, శుక్రవారాల్లో ఆ తోట నుంచి ఆరు బాక్సులు కొలంబోకి పోయేవి. మధ్యాహ్నం నాలుగుకు కోల్డ్ రూము నుంచి తీసి వ్యానుకు ఎక్కిస్తే, బాలాజి బెంగళూరు ఏర్‌పోర్టు కార్గోలో దించి వచ్చేవాడు. అక్కడి నుంచి ఏజెంటు పని. ఏ ఇబ్బందీ లేదు. జనవరిలో మొదటిసారి కొలంబో నుంచి ఫోటోలు వచ్చాయి. బాక్సు తెరవగానే తీసినవి. మొగ్గలు బిగువు వదిలి, అంచు రేకులు వెనక్కు తిరిగి, మెడలు వాలి ఉన్నాయి. ఫిబ్రవరిలో ఇంకా ఘోరం.

మార్చి మొదట్లో యతీశ్ గారు మా అన్ననూ నా భర్తనూ గదిలోకి పిలిచి కూర్చోబెట్టారు. కేక వేసే మనిషి కాదు ఆయన. పువ్వు చెడేది రెండు చోట్లే, కోతలో లేదా వ్యానులో, నెలాఖరుకు ఎక్కడో తేలకపోతే ఇద్దరిలో ఒకరిని మార్చక తప్పదని నిదానంగా చెప్పి పంపించారు. బాలాజికి మార్పంటే పని పోవడమే. హోసూరులో మా ఇంటి అద్దె, మా అమ్మాయి చైత్ర కాలేజీ ఆ వ్యాను మీదే నడుస్తున్నాయి. నేను కృష్ణగిరి లైబ్రరీలో చేసేది ఎప్పుడు తీసేస్తారో తెలియని టెంపరరీ పని.

ఆ ఆదివారం అన్న మా ఇంటికి వచ్చాడు. ఎప్పటిలా మెడ వంకరపోయి పక్కన పడేసిన రోజాలు చంకలో పేపరులో చుట్టుకుని వచ్చి, అవి నా చేతికిచ్చి, కొలంబో ఎంత దూరమని అడిగాడు. నేను అట్లాసు తీశాను. మ్యాపు మీద బెంగళూరు నుంచి కొలంబోకి కుట్టుదారం పెట్టి కొలిచాను. ఏడువందల కిలోమీటర్ల పైచిలుకు వచ్చింది. ఆయన నమ్మలేదు. బొంబాయికి కొలవమన్నాడు. బొంబాయి దారం పొడుగొచ్చింది. దారాన్ని తన గోళ్ళతో పట్టుకుని తనే ఇంకోసారి కొలిచాడు. దేశం దాటి సముద్రం దాటి ఉన్న ఊరు బొంబాయి కంటే దగ్గర ఎలా అవుతుందని చాలాసేపు ఆ రెండు చుక్కలనే చూశాడు. చైత్ర ఫోనులో చూసి, విమానానికి గంటా ఇరవై నిమిషాలు మామా అంది.

ఆ మాటతో ఆయన మొహం మారిపోయింది. నాకు బాగా గుర్తు. గట్టిగా బిగుసుకున్న మొగ్గను చూసినట్టు ఫోనును చూశాడు.

"తళి నుంచి ఏర్‌పోర్టుకు నూరు కిలోమీటర్లు, మూడున్నర గంట. ఆడి నుంచి ఇంకో దేశానికి గంటా ఇరవై నిమిషాలు. ఆ ఫోటోలో పువ్వు రెండు పొద్దుల వేడి తిన్నాది. రెండు పొద్దులు యాడికి పోయినాయి నేత్రా?"

నాకేం తెలుసు అన్నాను.

"విమానాన్ని నడిమధ్యలో నిలబెట్టి ఎవురూ టీ తాగరు కదమ్మా. నిలిచేది రోడ్డు మీదనే."

లోపలి గదిలో బాలాజి ఉన్నాడు. వినపడాలనే అన్నాడేమో. బాలాజి బయటికి రాలేదు. అన్న పోయాక, ఆ దారం నువ్వే కదా ఇచ్చింది అని మాత్రం నాతో అన్నాడు.

అప్పటి నుంచి అన్న పద్ధతే మారింది. కొలంబో బాక్సులో పెట్టే ప్రతి కోతలోనూ ఒక మొగ్గను తీసి, కోల్డ్ రూములో పెట్టకుండా, నీళ్ళు కూడా ఇవ్వకుండా షెడ్డు కిటికీలో ఆనించి పెట్టేవాడు. గంట గంటకూ దాని రేకులు చూసేవాడు. కొలంబో నుంచి ఫోటో వస్తే ఆ మొగ్గ పక్కన ఫోను పెట్టి పోల్చేవాడు. ఫోటోలో పువ్వు ఎప్పుడూ కిటికీలో రెండు రోజులున్న పువ్వులాగే ఉండేది. దానితో ఆయన అనుమానం ముదిరింది. బాలాజి చెప్పులకు డీజిలు వాసన వస్తుందా అని వంగి చూశాడని షెడ్డులో చెప్పుకున్నారు. కొత్త ఫోను ఎప్పుడు కొన్నాడని వదినతో నన్ను అడిగించాడు. అది చైత్ర పాత ఫోను.

నేనూ తక్కువ తినలేదు. ఈయన ఇంతగా వ్యాను వెంట పడుతున్నాడంటే కోతలో ఏదో ఉంది, దాన్ని కప్పిపుచ్చుకోవడానికే అని నాకు మెల్లగా పట్టుకుంది. యాభై ఆరేళ్ళ మనిషి, చూపు తగ్గి ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకోవడానికి నామోషీ, ముదిరిన మొగ్గను కట్టలో పెట్టి ఉంటాడు, ఆ తప్పును చెల్లెలి మొగుడి మీదికి తోస్తున్నాడు. ఇలా అనుకోవడానికి నా దగ్గర ఆధారమేదీ లేదు. ఆయన దగ్గర మాత్రం ఉందా అనుకునేదాన్ని.

ఒక శుక్రవారం సాయంత్రం బాలాజి జూజువాడిలో, చెక్‌పోస్టుకు ఇవతల వ్యాను నిలిపి టీ తాగుతున్నాడు. ఆ వేళలో అక్కడి నుంచి అత్తిబెలె దాకా లారీలు కదలవు. అరగంట ఆగి పోవడం ఆయన అలవాటు. అంగడి బెంచి మీద నుంచి చూస్తే వ్యాను పెట్టెకు అరచెయ్యి ఆనించి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మా అన్న. తళి నుంచి టీవీఎస్ మీద వెనకే వచ్చాడు. ఈ సంగతి ఆ రోజు బాలాజి నాకు చెప్పాడు. తరువాత టీ అంగడి వెంకటేశప్ప కూడా ఇలాగే చెప్పాడు.

బాలాజి గ్లాసు చేతిలో పట్టుకునే దగ్గరికి పోయాడట.

"ఏం బావా, తళిలో టీ దొరకలేదా?"

"సుమ్నే, ఊరికే వచ్చినాను."

"జొరముందేమో చూస్తాండావా నా వ్యానుకు? చల్లగా ఉండాదా, కాలతాండాదా?"

"చల్లగానే ఉండాది" అన్నాడట అన్న. చెయ్యి తీయకుండానే, "నన్ను చూసి మిషను ఏసినావేమో" అన్నాడట.

బాలాజి టీ నేల మీద పారబోశాడు. డ్రైవర్లందరూ చూస్తున్నారు. అన్న బండి ఎక్కి వెనక్కి తిరిగిపోయాడు. ఆ రాత్రి నా భర్త అన్నం తినలేదు. ఏడేళ్ళ కిందట పూచీ పడిన నోరే కదా అని ఒక్కసారి అని ఊరుకున్నాడు. అది విన్నాక నాకు అన్న మీద మిగిలింది కోపం ఒక్కటే. ఆయన ఇక యతీశ్ గారి దగ్గరికి పోతాడు, అరగంట వ్యాను నిలబెట్టి ఉంటే నా కళ్ళతో చూశాను అంటాడు, నెలాఖరుకు మా పని ఊడుతుంది. ఇందులో నాకు ఏ సందేహమూ లేకపోయింది.

ఉగాదికి ముందు బుధవారం ఆయన మళ్ళీ మా ఇంటికి వచ్చాడు. నేను కృష్ణగిరి నుంచి బస్సు దిగి వచ్చి, ఇంకా కాళ్ళు కూడా కడుక్కోలేదు. బాలాజి లేడు. అన్న చంకలో పూలు లేవు. లోపలికి రాకుండా గడప దగ్గర కూర్చున్నాడు. నీళ్ళిచ్చాను. గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూసి తాగాడు.

"నేత్రా, ఒక మాట. నీకు బాలాజి చెప్పే ఉంటాడు. ఆ చిల్లర్ ఆపతాడా, ఆపడా?"

"ఎవురికి చెప్పేదానికి అడగతాండావు?"

"ఎవురికీ కాదు. నాకు తెలియాల, అంతే."

"నీకు తెలిస్తే యతీశ్ సారుకు తెలిసినట్టే కదన్నా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "పువ్వు అబద్ధం చెప్పదమ్మా. రెండు పొద్దులు యాడనో ఉండాయి. యాడుండాయో తెలిస్తే నాకు నిద్ర పడతాది."

నిద్ర మాట నాకు నాటకంలా వినిపించింది. మా ఇంటి గడపలో కూర్చుని, నా నోటితోనే నా భర్త పని తీయించడానికి వచ్చాడనుకున్నాను. అనుకున్నది అన్నాను కూడా. "నీ కండ్లు కనపడక ముదురు మొగ్గలు కట్టిపెట్టి, మా మీద పెడతాండావు. ఇంక ఈ గడప తొక్కొద్దు" అన్నాను.

ఆయన కోపపడి ఉంటే బాగుండేది. గ్లాసు గడప మీద పెట్టి, లేచి, చెప్పులు వెతుక్కున్నాడు. చెప్పులు ఆయన కాళ్ళ ముందే ఉన్నాయి. నేను అది చూసి, చూపు తగ్గిందన్న మాట నిజమే అనుకున్నాను.

శుక్రవారం తోట నుంచి తిరిగొచ్చి బాలాజి చెప్పాడు. అన్నను బల్ల దగ్గర నుంచి తీసేశారు. గురువారం నుంచి మడుల్లో కొమ్మలు వంచే పని. బల్ల రంజితకు ఇచ్చారు. రంజిత ఆయన దగ్గరే ఆరేళ్ళు పని నేర్చుకున్న పిల్ల. కారణం యతీశ్ గారు ఎవరికీ చెప్పలేదట. వ్యాను సంగతి ఇక ఎత్తలేదట.

మాకు కారణం ఒకరు చెప్పాలా? దొంగ దొరికాడు అనుకున్నాం. యతీశ్ గారే కోత తప్పును కనిపెట్టారు, చెల్లెలి మొగుడి మీద నేరం మోపబోయి తనే చిక్కుకున్నాడు అనుకున్నాం. ఉగాదికి నేను ఒబ్బట్లు చేసి ఆయన ఇంటికి పంపలేదు. వదిన ఫోను చేస్తే తీయలేదు. ప్లాస్టిక్ కప్పు కింద మార్చి ఎండ ఎలా ఉంటుందో నాకు తెలుసు. మధ్యాహ్నానికి లోపల ఊపిరాడదు. అది కూడా ఆయనకు తగిందే అని ఒకసారి మనసులో అనుకున్నాను.

అన్న పోయిన పదకొండో రోజు పనులయ్యాక వదిన నన్ను పక్కకు పిలిచి, ఆ బుధవారం నీ ఇంటికి పోయొచ్చినాడే, ఏం మాట్లాడినాడు అని అడిగింది. ఏమీ లేదు వదినా, నీళ్ళు తాగి పోయినాడు అన్నాను.

బాలాజి ఊరుకోలేకపోయాడు. బల్ల దగ్గరికి రంజిత వచ్చి, ఇంకా బిగువు మొగ్గలు కట్టి పంపినా, కొలంబో ఫోటోలు అలాగే వచ్చాయి. కోత కాదు, వ్యాను కాదు. చివరికి ఒక మంగళవారం బాక్సులు దించాక, వెనక్కి రాకుండా ఏజెంటు ఆఫీసులో కూర్చున్నాడు. అక్కడ కాగితాలు చూసే గోపాలకృష్ణ అనే ఆయన, ఇందులో దాచేది ఏముందన్నట్టు చెప్పాడట. కొలంబోకి నేరుగా పోయే విమానంలో జనవరి నుంచి వాళ్ళకు చోటు దొరకడం లేదు. అందుకని బాక్సులను ఒక రాత్రి గోడౌనులో ఉంచి, పొద్దున లారీకి ఎక్కించి, టార్పాలిను కప్పి మద్రాసుకు పంపుతున్నారు. అక్కడ ఇంకో రాత్రి. అక్కడి నుంచి విమానం. తోటకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. పువ్వు పోతోంది కదా అనుకున్నారు.

బెంగళూరు నుంచి మద్రాసుకు పోయే లారీ ఏ దారిన పోతుందో బాలాజికి ఒకరు చెప్పనక్కర్లేదు. అత్తిబెలె, జూజువాడి, హోసూరు, కృష్ణగిరి. మంగళవారం తళి నుంచి మూడున్నర గంటలు పడి ఉత్తరానికి పోయిన పువ్వు, బుధవారం పొద్దున టార్పాలిను కింద ఉడుకుతూ మళ్ళీ మా హోసూరు మీదుగానే వెనక్కి వచ్చింది. నేను పనికి పోయే బస్సుదీ ఆ రోడ్డే. ఎన్ని బుధవారాలు, ఎన్ని శనివారాలు ఆ లారీ నా కిటికీ పక్కన పోయిందో తెలియదు. అన్న చెప్పిన రెండు పొద్దులు పొల్లు పోకుండా ఆ రోడ్డు మీదే ఉన్నాయి. ఆయన పువ్వును సరిగ్గానే చదివాడు. తప్పు దారం నాది. మనుషులు ఎక్కే విమానం లెక్కను బాక్సులకు పెట్టి ఇచ్చాను.

యతీశ్ గారు ఏజెంటును మార్చేలోపే కొలంబోవాళ్ళు ఆర్డరు మానేశారు. వ్యాను ఇప్పుడు బెంగళూరు మార్కెట్టు దాకానే పోతుంది.

అప్పటికీ నాకు ఒకటి అర్థం కాలేదు. కోతలో తప్పు లేకపోతే యతీశ్ గారు ఆయనను బల్ల నుంచి ఎందుకు తీశారు? అన్నతో ఆయనకు వేరే ఏదో గొడవ ఉండి ఉండాలని, అది మాకు దాచారని, కొన్నాళ్ళు ఆయననూ అనుమానించాను.

జూన్‌లో హోసూరు బస్‌స్టాండులో రంజిత కనపడింది. తళి బస్సు కోసం నిలబడి ఉంది. అన్న మాట వచ్చింది. నేనే అడిగాను, సారు ఆయన తప్పును ఎట్ల కనుక్కున్నారని. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది.

"సార్ యాడ కనుక్కున్నాడక్కా? అన్నే పోయి చెప్పినాడు. పొద్దెక్కినాక కోసిన పువ్వు నేనే కట్టిపెట్టినాను సార్, వ్యాను మీద ఏమీ లేదు అని. నేను తలుపు కాడనే కట్టలు పట్టుకుని నిలబడుండాను. మా అన్న పొద్దెక్కినాక కోసిన పువ్వు ముట్టింది ఎప్పుడక్కా? బయటికొచ్చినాక అడిగితే, నోరు మూసుకోమన్నాడు."

ఎప్పుడు అని అడిగాను.

"యుగాది ముందర సోమారం" అంది.

ఆయన మా గడపలో కూర్చుని, బాలాజి చిల్లర్ ఆపుతాడా అని నన్ను అడిగింది ఆ తరువాత రెండు రోజులకు, బుధవారం.